ఒడిలో పెట్టిన ఐదు గడ్డలు

కొండాపూర్,
జూన్ 19

చెల్లె ఈరమ్మకు,

నేనే, మీ అక్క కిష్టమ్మను. కవరు చూసి ఎవరో పోయారనుకుని గుండెలు బాదుకోకు. అందరం ఉన్నాం. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. పోయినసారి నేను అరిచిన అరుపుకు పక్క ఫ్లాటామె వచ్చి తలుపు కొట్టింది. పిల్లల ఫోన్లో రాయిద్దామంటే ఇంటిల్లిపాదీ చదువుతారు. నీ పెళ్ళికి ముందు పంచాయతీ అరుగు మీద సాయంత్రం బడిలో మనిద్దరం ఒకే పలక మీద దిద్దుకున్న అక్షరాలే ఇప్పుడు దిక్కు. తప్పులుంటే నవ్వుకో, నీ కోడలికి మాత్రం చూపించకు.

మోకాళ్ళు ఎట్లున్నాయి? బీపీ గోళీ పరగడుపున మింగకు. వానలు మొదలైనాయి, బాయికాడికి ఒక్కదానివే పోకు, పాములుంటాయి. నీ కొడుకును బండి మెల్లగా నడపమను. నేను ఈ పన్నెండో అంతస్తులో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటూ ఉంటాను. లిఫ్ట్ ఎక్కాలంటే భయం, ఎక్కకపోతే దిగలేను. కిందికి చూస్తే మన మడులు ఉన్నచోట కార్లు కనపడతాయి. చూడకుండా ఉంటే నయం, అయినా చూస్తాను.

అసలు సంగతికి వస్తాను. మా రవీందర్ బిడ్డ కృష్ణప్రియ కొలువు నీకు తెలుసు కదా. రాయదుర్గం మెట్రో దిగితే ఎదురుగా ఉన్న అద్దాల మేడలో. అందరు పిల్లల్లాగే కంప్యూటర్ ముందు కూర్చుంటుంది గానీ, దాని పనంతా ఉల్లిగడ్డలతో. ఆకు ముక్కను నూరి, అందులోంచి డీఎన్‌ఏ అని ఒకటి తీసి మిషన్‌కు ఇస్తే, నాలుగే నాలుగు అక్షరాలు అటూ ఇటూ మారుతూ బారెడు రాత వస్తుందట. ఏ మొక్క రాత దానిది. రెండు రాతలు పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ తేడా ఉందో చూస్తారట. తేడాలు తక్కువుంటే దగ్గరి చుట్టాలు, ఎక్కువుంటే దూరపు చుట్టాలు. అట్లా ఉల్లి వంశం మొత్తానికి ఎవరికి ఎవరు ఏమవుతారో గీస్తున్నారు. రోడ్డు మధ్యలో సాలీడు కాళ్ళలాగ తెల్లగా పూసే పూల మొక్కలు ఉంటాయి చూడు, అవి ఉల్లికి దాయాదులట. అడవిలో తవ్వే నక్క ఉల్లి, గడ్డ అచ్చం ఉల్లిలాగే ఉంటుంది కదా, అది మాత్రం వేరే ఇంటిదట. చూపును నమ్మొద్దు నానమ్మా అంటుంది. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

పోయిన చలికాలం నా బాల్కనీ కుండీల్లోంచి అమ్మ గడ్డ ఆకు ఒకటి తీసుకుపోయింది. నేనే చెప్పాను దానికి, మన ఇంటి ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిబియ్యంలో కుడుకలతో, పసుపుకొమ్ములతో పాటు ఐదు ఉల్లిగడ్డలు పెడతారని, అవి మా అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మాకు వచ్చాయని. చెప్పకుండా ఉన్నా బాగుండేది. ఇప్పుడు నీ దగ్గరున్నవి కూడా కావాలంటుంది. ఒక్క తల్లి గడ్డ రెండు ఊళ్ళలో నలభై ఆరేళ్ళు పెరిగింది కదా, రాతలు ఒక్కలాగే ఉన్నాయా చూడాలట.

నువ్వు ఇవ్వకు. తడికి కుళ్ళిపోయినాయని చెప్పు. పందులు తవ్వినాయని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. దాని ఆఫీసులో ఆ మిషన్లు మనలాంటి వాళ్ళ ఇళ్ళలోకి తొంగి చూడటం నాకు మంచిగ అనిపిస్తలేదు. ఎందుకని మాత్రం అడగకు.

నా దగ్గరున్న గడ్డలు ఈ ఎండాకాలం జర పాడైనాయి. కొద్దిగానే.

ఉత్తరం ముట్టినట్టు రాయి. ముట్టలేదేమోనని పరేషాన్ అవుతుంటాను.

మీ అక్క
కిష్టమ్మ


మర్పల్లి,
జూలై 6

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి నీ మనవరాలు వచ్చి పోయి నాలుగు రోజులైంది. నువ్వు ఇవ్వకు ఇవ్వకు అని రాసిన గడ్డలు అప్పటికే నీ ఊరు చేరాయి. వికారాబాద్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వచ్చింది. సన్నగా ఉంది గానీ రెండు జొన్నరొట్టెలు తిన్నది. నువ్వేమో అది తిండి తినదని ప్రతి పండుగకు ఏడుస్తావు.

రెండు గడ్డలు, మొలకెత్తిన ఆకులు కొన్ని తీసుకుంది. ఆకుల్ని నీలిరంగు పలుకులున్న చిన్న కవర్లలో వేసి మూతులు బిగించింది. తడి గుంజేస్తాయట ఆ పలుకులు. కవరు మీద ‘ఈరమ్మ–1’ అని రాసింది. నీ ఇంట్లో తీసినదాని మీద ‘కిష్టమ్మ–1’ అని రాసిందట. తర్వాత నన్ను మడిలో నిలబెట్టి ఫోటోలు తీసింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అన్నిసార్లు ఎవరూ చూడలేదు.

చాలా అడిగింది. ఎప్పుడు పెడతావు, ఎప్పుడు తవ్వుతావు, గడ్డ పెడతావా గింజ పోస్తావా, ఎన్నేళ్ళుగా ఉంది, ఎవరిచ్చారు. అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా అక్క తన చేత్తో నా ఒడిలో పెట్టింది అని చెప్పాను. అదీ రాసుకుంది. నాకు మిషన్లంటే భయం లేదక్కా. నీకు భయం లేనిది ఏదన్నా ఉంటే అది రాయి, కాగితం మిగులుతుంది.

ఒకటి అడుగుతాను. నీ గడ్డలు జర పాడైనాయి అన్నావు. జర అంటే ఎన్ని? పిల్ల ఉన్నప్పుడు నీ గడ్డలు ఎట్లున్నాయని అడిగితే బర్రెల వైపు చూసింది.

గోళీలు వేసుకుంటున్నాను. పాములు కనపడలేదు.

చెల్లె
ఈరమ్మ


కొండాపూర్,
ఆగస్టు 10

చెల్లె ఈరమ్మకు,

ఇది నాలుగోసారి రాయడం. మూడు కాగితాలు చింపేశాను. కృష్ణప్రియ నీ గడ్డను మిషన్‌కు ఇచ్చేసింది, నెల పదిహేను రోజుల్లో వస్తుందట. మిషన్ చెప్పకముందే నేను చెప్పాలి. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. చదివేటప్పుడు కూర్చో.

నీ పెళ్ళినాటికి అమ్మ దవాఖానలో ఉంది. నీకు గుర్తుండే ఉంటుంది, అప్పగింతలకు కూడా రాలేకపోయింది. అంతకు ముందటి ఏడు వానలు లేవు. అమ్మ మడిలో పెట్టినవన్నీ ఎండిపోయినాయి. నన్ను మేనమామ కొడుక్కి ఇచ్చి ఊళ్ళోనే ఉంచారు కాబట్టి నా మడిలోవి మాత్రం మిగిలాయి. ఎన్ని మిగిలాయో తెలుసా? ఏడు. పెళ్ళికి మూడు రోజుల ముందు నేను చూడబోతే, అమ్మ మంచంలోంచి నా చెయ్యి పట్టుకుని, “ఐదు గడ్డలు చెల్లె ఒడిల పెట్టు. నేను పెట్టినట్టే పెట్టు” అన్నది. సరే అన్నాను.

ఇంటికి వచ్చి దూలానికి కట్టిన గుత్తి దింపి లెక్క పెట్టాను. ఏడింటిలో ఐదు పోతే రెండు. ఆ రెండూ పుచ్చిపోతే? ఎలుక కొరికితే? మళ్ళీ వానలు రాకపోతే? నువ్వు పోయే ఊరి నేల ఎట్లాంటిదో, నీ అత్త కూరలో వేస్తుందేమో. అట్లా అనుకుంటూ అనుకుంటూ పెళ్ళినాడు పొద్దున లింగంపల్లి మార్కెట్‌కు పోయాను. చిన్నవి, ఎర్రవి, అమ్మ గడ్డల్లాగ కనపడేవి ఏరి ఐదు కొన్నాను. నీ ఒడిలో పెట్టినవి అవి.

నిన్ను మోసం చెయ్యాలని కాదు చెల్లె. మరుసటి ఏడు నావి గుంపులు కడితే అసలువి పట్టుకొచ్చి మార్చేద్దామనుకున్నాను. మరుసటి ఏడు నిండుగా పండాయి. కానీ నీ ఇంటికి వచ్చి ఏమని ఇవ్వను? ఇంతకు ముందు ఇచ్చినవి ఏమిటని నీ అత్త అడిగితే? ఇంకో ఏడు చూద్దాం అనుకున్నాను. అట్లా నలభై ఆరేళ్ళయింది. నువ్వు ప్రతిసారీ నలుగురిలో మా అక్క ఇచ్చిన గడ్డ, మా అమ్మ గడ్డ అంటావు. నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా నేను నీళ్ళ కోసమని లేచిపోతాను. ఎన్నిసార్లు లేచానో నీకే తెలియాలి.

ఇంకొకటి ఉంది. అది ఇంకా పెద్దది.

జర పాడైనాయి అని రాశాను. అన్నీ పోయినాయి. ఒక్కటి లేదు.

ఊళ్ళో ఉన్నప్పుడు తవ్విన గడ్డల్ని పొయ్యి మీది దూలానికి కట్టేవాళ్ళం కదా, పొగకు ఏ పురుగూ రాకపోయేది. ఇక్కడికి వచ్చాక ఇదే మొదటి పంట, పొయ్యి లేదు, పొగ లేదు. ఈ మార్చిలో గుత్తి కట్టి బట్టలు ఉతికే మిషన్ ఉన్న చిన్న బాల్కనీలో వేలాడదీశాను. తెల్ల పురుగులేవో తిరుగుతున్నాయనిపించింది. భయమేసి ఇనుప మూకుడులో రెండు పిడకలు ముట్టించి కింద పెట్టాను. పొగ లోపలికి పోయి పైన గోడకున్న గంట మోగింది. ఆ అంతస్తంతా మోగింది. వాచ్‌మెన్ నర్సింహ ఎర్ర సిలిండర్ పట్టుకుని మెట్లెక్కి ఉరికొచ్చాడు. “ఏందవ్వా, అపార్ట్‌మెంటు కాలవెడ్తవా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అసోసియేషన్ వాళ్ళు నోటీసు పంపారు. ఇగ నాకు వణుకు. పొగ లేదు, పురుగులొస్తాయి. ఎలుకలు పైదాకా రావంటారు, వస్తే ఎట్లా. అందుకని ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి మంచం కింద పెట్టాను. రోజూ మూత ఊడిందేమోనని తడిమి చూసేదాన్ని గానీ తెరిచి చూడలేదు. తెరిస్తే లోపలికి పురుగు పోతుందని భయం. మే నెలాఖరుకు తెరిస్తే లోపలంతా చెమట పట్టి, నల్ల బూజు, నీళ్ళు.

డెబ్బై రెండు గడ్డలు చెల్లె.

ఆ రోజు నీకు ఐదు ఇచ్చి ఉంటే ఇవాళ నీ దూలానికి ఉండేవి. ఎక్కడ పోతాయోనని ఇవ్వకుండా దాచాను. దాచి దాచి డబ్బాలో చంపాను.

తిట్టాలంటే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

కిష్టమ్మ


మర్పల్లి,
ఆగస్టు 24

అక్కకు,

ఉత్తరం ముట్టింది. వానలు పడుతున్నాయి. నాట్ల పని ఉంది.

ఈరమ్మ


కొండాపూర్,
సెప్టెంబర్ 28

చెల్లె ఈరమ్మకు,

నీ ఉత్తరంలో ఏడు మాటలు ఉన్నాయి. రోజూ తీసి చదువుతున్నాను. కోపముంటే కోపంగా రాయి, నేను పడతాను. ఆరోగ్యం ఎట్లుందో అన్నా రాయలేదు. నీ కొడుక్కు ఫోన్ చేయించాను, మంచిగనే ఉందన్నాడు. నిజమే చెప్పాడో, నేను భయపడతానని చెప్పాడో.

మిషన్ రాత వచ్చింది. ఆదివారం పూట కృష్ణప్రియ కంప్యూటర్ తెచ్చి నా మంచం మీద పెట్టి చూపించింది. చెట్టంటే వేప చెట్టు లాంటిదనుకున్నాను. ఆకులు లేవు, పువ్వులు లేవు, అన్నీ గీతలు. ఒక్కో గీత చివర ఒక పేరు. ఒక పక్క ఎల్లిగడ్డలు, ఒక పక్క ఉల్లిగడ్డలు, దూరంగా రోడ్డు మీది తెల్ల పూలు, ఇంకా చాలా దూరంలో నక్క ఉల్లి. ఉల్లిగడ్డల్లోనే మళ్ళీ గుంపులు. కింద ఒక గుంపులో మార్కెట్‌లో దొరికేవన్నీ ఉన్నాయి. ఆ గుంపు పక్కనే చిన్న గీత, దాని చివర ఈరమ్మ–1. ఎంతో పైన, వేరే కొమ్మ మీద, పక్కన ఎవరూ లేకుండా కిష్టమ్మ–1. మన ఇద్దరి పేర్లు అట్లా చూశాను చెల్లె. ఒక్క పలక మీద రాసుకున్న పేర్లు.

అది నా మొహం చూసి, “నానమ్మా, రెండు ఒక్కటి కాదు. మూడుసార్లు చేసిన” అన్నది. తనే మళ్ళీ, “నీకు ముందే తెల్సు గదా” అన్నది.

తెలుసు అన్నాను. నీకు రాసిందంతా దానికి చెప్పాను. అప్పుడే రవీందర్, కోడలు వచ్చారు. వాళ్ళ ముందు కూడా ఆపలేదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అంతా విని రవీందర్, “గింత ఉల్లిగడ్డకు గంత ఫికర్ ఎందుకే అమ్మా” అని టీవీ పెట్టుకున్నాడు. కోడలు చాయ్ తెచ్చింది. నలభై ఆరేళ్ళు ఎవరికి తెలుస్తుందోనని చచ్చాను. తెలిసినవాళ్ళకు అది సంగతే కాలేదు. ఇది ఎంత బరువో తెలిసినదానివి నువ్వు ఒక్కదానివే. నువ్వేమో నాట్ల పని ఉంది అంటావు.

అమ్మ గడ్డ గురించి కృష్ణప్రియ చెప్పింది విను. అది రెండు జాతులు కలిసి పుట్టిందట. తల్లి ఒక జాతి, తండ్రి ఇంకో జాతి. ఎప్పుడు కలిశాయో, ఎవరి మడిలో కలిశాయో ఎవరికీ తెలియదు. అట్లా పుట్టినవాటికి చాలావరకు గింజ పట్టదట. అందుకే మన అమ్మ గడ్డ ఎన్నడూ పూయలేదు. ఒక గడ్డ పక్కన ఇంకో గడ్డ పెట్టి గుంపు కడుతుంది అంతే. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతే తప్ప బతికే దారి దానికి లేదట. నేను గుప్పిట మూశాను.

దాని రాత కంప్యూటర్లో భద్రంగా ఉందట, ఎన్నేళ్ళయినా చెడిపోదట. ఆ రాతలోంచి మళ్ళీ గడ్డను తయారు చెయ్యలేరా అని అడిగాను. లేరట. రెండు వారాలు సెలవు రోజుల్లో ఖాజాగూడ, నానక్‌రాంగూడ తిరిగి పాత ఇళ్ళ ముసలమ్మలను ఇట్లాంటి గడ్డ ఉందా అని అడిగి వచ్చింది. ఒకామెకు గుర్తుంది, గడ్డ లేదు.

నాకు ఒంట్లో బాగాలేదని రాయను, బాగానే ఉంది. అలసటగా ఉంది, అంతే.

నీ అక్క
కిష్టమ్మ


మర్పల్లి,
నవంబర్ 9

అక్కా,

వెంటనే రాయనందుకు ఏమనుకున్నా అనుకో. నీ ఆగస్టు ఉత్తరంలో అమ్మ గడ్డలు అన్నీ పోయినాయి అన్న చోటికి వచ్చి ఆపేశాను. ఆ పూట పొయ్యి ముట్టించలేదు. ఏమైందని కోడలు అడిగితే కళ్ళల్లో నలక పడిందన్నాను. అదొక్కటే నాకు కొత్త సంగతి. మిగతాది నాకు మొదటి నుంచి తెలుసు.

ఎట్లా తెలియకుండా ఉంటుందే అక్కా. పెళ్ళయిన మొదటి మాఘంలోనే కాడలు లేచాయి. గుండ్రంగా తెల్లగా పూశాయి. అమ్మ గడ్డ పూయగా మనం ఎప్పుడన్నా చూశామా? మా అత్త మడి గట్టు మీద నిలబడి, “మీ అమ్మగారింటి గడ్డ పూయదంటివి గదనే” అన్నది. నేల మారింది కదత్తా, అందుకని పూసింది అన్నాను. నీ కోసం అబద్ధం చెప్పాను. చెప్పి ఇంటి వెనక్కి పోయి ఏడ్చాను. నాకు ఇవ్వొద్దని అమ్మే నీకు చెప్పిందేమో అనుకున్నాను. అది నన్ను చాలా ఏళ్ళు తిన్నది. అమ్మ ఐదు పెట్టమన్నదని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, గడ్డలు ఇవ్వకపోయినా బతికేదాన్ని.

రవీందర్ పుట్టెంట్రుకలకు నేను రాలేదు. పిలిచిన తీరుకు అలిగాననుకున్నావు. ఆ ఏడు నేను ఆ పూల గుత్తి పట్టుకొచ్చి చుట్టాలందరి ముందు నీ ఒడిలో వెయ్యాలని అనుకున్నాను. బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయాను. అమ్మ దినాలకు వచ్చినప్పుడు మీ దూలానికి గుత్తులు నిండుగా వేలాడుతున్నాయి. నువ్వు పీట వేసి అన్నం పెట్టావు. తల పైకి ఎత్తలేదు నువ్వు. నేనూ ఎత్తలేదు.

ఆ మొదటి మాఘంలోనే కాడలన్నీ తుంచి పారేద్దామని చెయ్యి పెట్టాను. తుంచితే అమ్మగారింటి నుంచి వచ్చింది అనడానికి నా దగ్గర ఏమీ ఉండదు. వదిలేశాను. గింజ పట్టింది. అమ్మ గడ్డకైతే పనే లేదు, విడదీసి పెడితే చాలు. నువ్వు ఇచ్చినదానికి గడ్డ పెట్టి, పూత కాచి, గింజ రాల్చి, నారు పోసి, నారు పీకి మళ్ళీ నాటాలి. రెండింతల చాకిరీ. నలభై ఐదుసార్లు చేశాను. ప్రతిసారీ నిన్ను తిట్టుకుంటూనే చేశాను. ఒక ఏడు వడగళ్ళకు అన్నీ పోతే కొంగులో మూటకట్టిన గింజ గుప్పెడు మిగిలింది. ఆ ఏడు తిట్టలేదు, దండం పెట్టాను.

పిల్ల వచ్చినప్పుడు పూస్తుందా అని అడిగింది. పూస్తుంది అని చెప్పాను. దానికి అక్కడే అర్థమయిందనుకుంటాను. తెలివైనది. నువ్వు చెప్పేదాకా నోరు మెదపలేదు చూడు.

ఇప్పుడు నా పేరు తీసేసి లింగంపల్లి అని రాస్తుందేమో. తియ్యొద్దని చెప్పు. కొన్నది నువ్వయినా సాకింది నేను.

అమ్మ గడ్డ పోయినందుకు నిన్ను ఏమీ అనలేను. అంటే నువ్వు పడుకుంటావు, నీ కోడలు నన్ను తిడుతుంది. పోయింది. నాకు పొద్దున లేవగానే గుర్తొస్తుంది, మళ్ళీ పనిలో పడతాను.

నా కొడుకు నిజాంపేటలో పని ఉండి వస్తున్నాడు. వాని చేత ఐదు గడ్డలు పంపుతున్నాను. నువ్వు నా ఒడిలో పెట్టినవే. కుండీలో పెట్టు, ఎండ తగలనీ. రెండు రోజులకు ఒకసారి నీళ్ళు పోస్తే చాలు, ముంచకు. ఇవి పూస్తాయి. పూస్తే భయపడకు.

ఈరమ్మ


కొండాపూర్,
మార్చి 15

చెల్లె ఈరమ్మకు,

నీ ఉత్తరం నవంబర్‌లో వస్తే నేను మార్చిలో రాస్తున్నాను. ఏం రాయాలో తెలియలేదు. ఏదైనా రాస్తే ఆ గడ్డలకు ఏమన్నా అవుతుందేమో అనిపించింది. ఇప్పుడు రాయొచ్చు.

ఐదు పెట్టాను. ఒకటి కుళ్ళింది. నీళ్ళు ఎక్కువ పోశాను, ముందే చెబుతున్నాను, దాచను. మిగతా నాలుగు లేచాయి. కుండీ గాలికి పడి కింద ఎవరి తల మీద పడుతుందోనని లోపలికి తెచ్చాను. కృష్ణప్రియ మళ్ళీ బయట పెట్టి, రెయిలింగ్‌కు తాడుతో కట్టింది. నేను దాని వెనక ఇంకో తాడు కట్టాను.

సంక్రాంతి పోయాక కాడలు లేచాయి. అంత ఎత్తు లేస్తాయని నాకు తెలియదు. ఫిబ్రవరిలో పూశాయి. నేను ఉల్లిపువ్వును దగ్గరగా ఎన్నడూ చూడలేదు చెల్లె. ఒక్కో గుండులో వందల చిన్న పూలు, ఒక్కోదానిలో ఆకుపచ్చ గీత. తేనెటీగలు పన్నెండో అంతస్తుకు వస్తాయా అనుకున్నాను. వచ్చాయి. కోడలిని కుడతాయేమోనని భయమేసింది గానీ తోలలేదు. పొద్దున చాయ్ తాగుతూ అక్కడే కూర్చునేదాన్ని. నువ్వు నలభై ఐదు మాఘాలు ఇదంతా ఒక్కదానివే చూశావు. నన్ను తిట్టుకుంటూ చూశావు. తిట్టుకో, అది నీ హక్కు.

నీ పేరు తియ్యలేదు. కృష్ణప్రియను అడిగాను. అసలు తీసే మాటే లేదట. చెట్టులో ఈరమ్మ–1 మార్కెట్ గడ్డల గుంపు పక్కనే ఉంది గానీ గుంపులో లేదని చెప్పింది. ఒకే మడిలో, ఒకే చేతిలో అన్నేళ్ళు ఏరి ఏరి పెంచితే అది మెల్లగా తనకంటూ వేరే అవుతుందట. నీకు చిన్న కొమ్మ పడింది. నాది అక్కడే పైన ఒంటరిగా ఉంది. దాని పక్కన ఒక గుర్తు పెట్టింది. ఏందది అంటే, మొక్క ఇప్పుడు లేదు అని తెలియడానికట. పెట్టనీ అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

అది అడిగింది, “నా పెండ్లికి ఒడిల ఏం పెడ్తవ్ నానమ్మా” అని. నవ్వులాటకే అడిగింది. చిన్నవ్వను అడుగు అన్నాను. ఇగ ఆ పని నీది. నా చేతి మీద నాకు నమ్మకం పోయింది.

నిన్న గుండ్లు ఎండి పగిలాయి. గింజలు నల్లగా, నువ్వుల్లాగ ఉన్నాయి. తెల్లబట్ట మీద రాల్చి ఏరాను. కళ్ళు నొప్పి పుట్టాయి. రెండు పాళ్ళు చేశాను. మొదట నీ పాలు చిన్నది అయింది చెల్లె. నా చెయ్యి దానంతట అదే అట్లా పంచింది, ఇవి మొలవకపోతే ఎట్లా, మళ్ళీ ఏమన్నా అయితే ఎట్లా అని. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ రెండూ కలిపేసి, కోడలిని పిలిచి పంచమన్నాను. ఆమెకు భయం లేదు, సమానంగా పంచింది. ఒక పాలు నాకు, బట్టలో కట్టి గాలి తగిలేటట్టు మేకుకు వేలాడదీశాను. డబ్బాలో పెట్టలేదు.

ఇంకో పాలు ఈ కవరులోనే ఉంది. విప్పేటప్పుడు కింద పళ్ళెం పెట్టుకో, రాలిపోతాయి. నీ గడ్డల గింజే, నిజంగా సగం. నమ్మకం లేకపోతే మొలిచాక పిల్లకు ఒక ఆకు ఇచ్చి చూపించుకో.

మీ అక్క
కిష్టమ్మ